ఐదో చోట ఆగిపోయిన నొక్కుడు

దయ్యాలు మనుషులకు ఎందుకు కనిపిస్తాయో పాఠం చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి నేను. భయం, అలసట, ఎదురుచూపు, ఈ మూడూ కలిస్తే దండెం మీది తువ్వాలు కూడా మనిషైపోతుందని ఏటా చెప్పేవాణ్ణి. ఈరోజుకీ ఆ మాట మీదే ఉన్నాను. కానీ ఆ పాఠంలో ఎక్కడా ఇమడని సంగతి ఒకటి నా చేతికే జరిగింది. ఎవరికీ చెప్పకుండా మోసి మోసి విసుగొచ్చి ఇప్పుడు రాస్తున్నాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. కర్నూలులో ఉపాధ్యాయులను తయారుచేసే శిక్షణ పాఠశాలలో మనస్తత్వశాస్త్రం చెప్పేవాణ్ణి. నలభై ఏడేళ్లకే ముసలివాణ్ణి అయిపోయాను. కడుపులో మంట, కళ్లకు చత్వారం, ఉన్న ఒక్క పుస్తకం సగం చెదలపాలు. పేరుకు శాస్త్రమే గానీ పరికరాలంటే సుద్దముక్క, డ్రిల్లు మాస్టారి దగ్గర బతిమాలి తెచ్చుకునే స్టాప్ వాచీ, అంతే.

ఆ వాచీతో ఒక ప్రయోగం చేయించేవాణ్ణి. విద్యార్థులు గుండ్రంగా కూర్చుని, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, కళ్లు మూసుకోవాలి. నేను మొదటివాడి చెయ్యి నొక్కి వాచీ మొదలుపెడతాను. ఎడమ చేతికి నొక్కుడు తగలగానే వాడు కుడి చేత్తో పక్కవాణ్ణి నొక్కాలి. అలా చుట్టూ తిరిగి చివరివాడు నన్ను నొక్కగానే వాచీ ఆపుతాను. పట్టిన సమయాన్ని మనుషుల సంఖ్యతో భాగిస్తే, స్పర్శ మెదడుకు పోయి, ఆజ్ఞ ఇంకో చేతికి రావడానికి ఒక్కో మనిషికి ఎంతసేపు పడుతుందో తేలుతుంది. నరాల పని పిల్లలకు చూపించడానికి అంతకంటే చవకైన దారి నాకు తెలియదు.

అందులో ఇంకో సంగతి కూడా ఉంది. అన్ని కులాల పిల్లలూ చేతులు పట్టుకోవాలి. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఏదో ఘనకార్యం చేయిస్తున్నానని లోలోపల నాకు గర్వంగా ఉండేది.

ఆ ఏడు నా నుంచి లెక్కపెడితే ఐదో చోట సామేలు కూర్చునేవాడు. ఓర్వకల్లు దగ్గర పల్లె, కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం, ఇరవై రెండేళ్ల వయసు. వాళ్ల ఇంటా వంటా అయ్యవారు కాబోతున్న మొదటి మనిషి. నాలుగో చోట వెంకటరెడ్డి, భూములున్న ఇంటివాడు.

నొక్కుడు సామేలు దగ్గర ఆగిపోయేది. ముందు నేను వెంకటరెడ్డినే అనుమానించాను. ముట్టుకోవడం ఇష్టంలేక ఉత్తుత్తిగా పట్టుకున్నాడేమోనని నలుగురిలో కేకలేశాను.

"గట్టిగానే నొక్కినా సార్, మాయమ్మ మీద ఒట్టు" అన్నాడు పాపం, కళ్లనీళ్లు పెట్టుకుని.

నాలుగో చోట ఇంకొకణ్ణి కూర్చోబెట్టినా అంతే. పైగా సామేలు కళ్లు పూర్తిగా మూసేవాడు కాదు. రెప్పల సందులోంచి చేతులవైపే చూసేవాడు, నేను గద్దిస్తే గానీ మూసేవాడు కాదు. సరే, కళ్లు తెరిచే చేయండి అంటే నొక్కుడు వాణ్ణి దాటి వచ్చేది, కానీ ఆలస్యంగా. "ఏమప్పా సామేలూ, నిద్రపోతాండావా?" అన్నాను ఒకసారి. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

ఏడాది చివర పద్దెనిమిది మంది గురించీ అభిప్రాయాలు రాయాలి. ఏప్రిల్ ఎండ, ఒక్క మధ్యాహ్నంలో ముగించేయాలని నా ఆత్రం. సామేలు పేరు ఎదురుగా "అవధానం తక్కువ, స్పందన మందం, బోధనకు తగడు" అని రాసేశాను. ఆ ఒక్క వాక్యంతో వాడి సర్టిఫికెట్ పోయింది. వెళ్లిపోయేముందు వచ్చి నా గది గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు, చేతులు వెనక్కి పెట్టుకుని. ఏమిటని కూడా నేను అడగలేదు. ఒక చూపు చూసి మళ్లీ కాగితాల మీదికి తల వంచాను.

జూలైలో కొత్త జట్టు వచ్చింది, పదహారు మంది. ఒక్కడికీ సామేలు తెలియదు. మొదటిసారి వలయం కూర్చోబెట్టాను. నొక్కుడు నాలుగోవాడి దాకా వచ్చి ఆగింది.

"నొక్కినా సార్" అన్నాడు నాలుగోవాడు.

"నాకేం రాలే సార్" అన్నాడు ఐదోవాడు.

చోట్లు మార్చాను. కొత్త ఐదోవాడికీ రాలేదు. పాతవాణ్ణి పదో చోట కూర్చోబెడితే వాడికి చక్కగా వచ్చింది. గదిలో ఏమైనా ఉందేమోనని అందర్నీ బయట వేపచెట్టు నీడకు తీసుకుపోయాను. అక్కడా ఐదో చోటే. కళ్లు తెరవమంటే దాటి వచ్చింది, ఆలస్యంగా.

తర్వాత దిక్కు మార్చి, కుడి చేతికి అందుకుని ఎడమ చేత్తో పంపమన్నాను. హాయిగా తిరిగి వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ వచ్చింది. అంటే ఐదో చోట ఎడమ చేతికి మాత్రమే ఏదో అవుతోంది. అప్పుడు తట్టింది నాకు, సామేలు ఉన్నప్పుడు ఇలా దిక్కు మార్చి ఒక్కసారైనా చూడలేదని. కారణం తేల్చాలంటే ఒక్కొక్కటే మార్చి చూడాలని పాఠం చెప్పేవాణ్ణి, నేను చేసిన పని ఇది.

వాచీ ఒక విద్యార్థికిచ్చి, ఐదో చోట నేనే కూర్చుని కళ్లు మూసుకున్నాను. ఏమీ రాలేదు. ఎదురుచూశాను. ఎక్కడో కాకి అరుస్తోంది. ఎవరో దగ్గారు, ఇంకెవరో కిసుక్కున నవ్వారు. కళ్లు తెరిచి చూస్తే పదహారు మందీ నావైపే చూస్తున్నారు. నా ఎడమ చెయ్యి పట్టుకున్న కుర్రాడి మణికట్టు నరాలు పైకి తేలి ఉన్నాయి. పళ్లు బిగించి నొక్కుతున్నాడు. అది చూశాక గానీ నేను కుడి చేత్తో పక్కవాణ్ణి నొక్కలేదు.

లేచి నిలబడి ఎడమ చెయ్యి గిల్లుకున్నాను. చురుక్కుమంది. నా చేతికి ఏ జబ్బూ లేదు, ఆ తర్వాతా రాలేదు.

అయ్యో, సామేలుది మందబుద్ధి కాదు కదా అనుకున్నాను. వాడికి చెయ్యే తెలియడం లేదు, కళ్లతో చూసి నొక్కేవాడు. ఆ ఆలస్యాన్ని పట్టుకుని వాడి బతుకు మీద రాతరాశాను.

ఆదివారం, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సెక్కి ఓర్వకల్లులో దిగి, రాతి గుట్టల మధ్య రెండు మైళ్లు నడిచాను. ఇంటి ముందు సామేలు తండ్రి కనిపించాడు. నన్ను చూసి బెదిరిపోయాడు.

"మావోడు ఏమన్న తప్పు జేసినాడా సామీ? ఆడ గొర్రెల కాడ ఉండాడు" అన్నాడు.

తప్పు చేసింది నేను అని చెప్పకుండానే గొర్రెలవైపు నడిచాను.

గుట్ట కింద సామేలును కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని ఎడమ చెయ్యి గట్టిగా నొక్కాను.

"వచ్చిందా?"

"రాలే సార్."

కుడి చెయ్యి నొక్కాను. "వచ్చె" అన్నాడు. ఎడమ చేతి చిటికెన వేలు అప్పటికే కాస్త వంగి ఉంది, అరచేతిలో కాలిన మచ్చ.

"కుండ దించేటప్పుడు కాలింది సార్. వాసనొచ్చినాక తెలిసె."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవురికీ చెప్పలే సార్. మా నాయనకు గూడా."

"నాకైనా ఎందుకు చెప్పలేదు?"

"వెంకటరెడ్డన్న నా చెయ్యి పట్టుకునె గదా సార్. అట్లాంటోళ్లు నన్ను ముట్టుకునింది అదే మొదులు. చెప్తే ఇడిసిపెడ్తారని. పట్టుకున్నట్టు తెలీకున్నా, చూస్తాంటి."

నాకు ఏడుపొచ్చింది. పంతులు ఏడవకూడదనేం లేదు కదా, ఏడ్చాను.

ఆరోజే కర్నూలు ఆస్పత్రికి తీసుకొచ్చాను. జబ్బు నరాన్ని పట్టిందనీ, కుష్ఠేననీ, ముందే వచ్చారు కాబట్టి ఆపవచ్చనీ అన్నాడు డాక్టరు. కుష్ఠుకు అప్పట్లో ఉన్న మందు నూనె సూదులే, అవి రెండేళ్లకు పైగా వేశారు. ఆగింది, వేలు మాత్రం వంకరగానే ఉండిపోయింది. నా అభిప్రాయం మార్చుకుంటున్నానని పైవాళ్లకు మూడుసార్లు రాశాను. ఒక్కసారి జవాబొచ్చింది, కుదరదని. చికిత్స ఇచ్చిన చోటే పిల్లల బడి ఒకటి ఉంటే సామేలు అందులో అయ్యవారయ్యాడు. వాళ్లు మా పాఠశాల సర్టిఫికెట్ అడగలేదు.

మేం ఆస్పత్రికి పోయొచ్చిన మర్నాడు వలయం కూర్చోబెడితే నొక్కుడు ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాత ఏ ఏడూ ఆగలేదు.

ఎన్నో విధాల ఆలోచించాను. ప్రయోగం చేసేవాడికి జవాబు ముందే తెలిసి ఉండకూడదు, తెలిస్తే వాడి మనసు ఫలితంలోకి దూరుతుంది. ఆ గదిలో సామేలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తప్పు నాలోనే ఉందనుకుందాం. మనసు మొరాయిస్తే చెయ్యి మొద్దుబారడం శాస్త్రంలో ఉన్నదే. కానీ వాడి చెయ్యి మొద్దుబారిందని నాకూ తెలియదే! మరి ఆ కొత్త పిల్లల చేతుల్లోకి అది ఎలా పోయింది? పోనీ దయ్యమందామంటే మనిషి బతికే ఉన్నాడు, గొర్రెలు కాస్తున్నాడు. ఇన్నేళ్లయినా నా దగ్గర జవాబు లేదు. వెతికే ఓపికా అయిపోయింది.

సామేలును ఆస్పత్రికి తీసుకొచ్చిన ఆరోజు తిరుగు బస్సులో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. బొగ్గు పొగ, జనం, కుదుపులు. నేను వాడి ఎడమ చెయ్యి పట్టుకున్నాను. కర్నూలు వచ్చేదాకా సామేలు ఒక్కసారి కూడా కిటికీ బయటికి చూడలేదు. తల వంచుకుని మా చేతులనే చూస్తూ కూర్చున్నాడు.