పెదనాన్నని తాత పేరు అడిగిన రోజు

మా చిన్నప్పుడు కొత్త చెప్పులు కావాలంటే అమ్మ నవ్వేసి, "మీ నాన్నకి దరకాస్తు ఎట్టుకోండి, వాయిదా ఏస్తారు" అనేది... నాన్న కోర్టులో బెంచి క్లర్కు మరి. జడ్జిగారి ముందు, కాస్త కిందగా ఉండే బల్ల ఆయనది.

చదువు పదో తరగతి, టైపు లోయర్. బంట్రోతుగా చేరి, డిపార్ట్‌మెంటు పరీక్షలు రెండు రాసి ఆ బల్ల దగ్గరికి చేరాడు. ఒకటి రెండోసారికి గాని గట్టెక్కలేదు. ఆ సంగతి ఎత్తితే మాత్రం ఆయనకి ముక్కు మీద కోపం...

పొద్దున్నే వెళ్ళి కేసు కట్టలు వరసగా పేర్చాలి. కాగితాలకి నంబర్లు వేయాలి, వాయిదా తేదీలు డైరీలో ఎక్కించాలి. సాక్షి బోనెక్కితే ప్రమాణం చేయించి, పేరూ ఊరూ అడిగి రాసుకోవాలి. ఇంటికి మాత్రం ఒక్క కేసు కబురూ తెచ్చేవాడు కాదు. పక్కింటివాళ్ళు అడిగితే "నాకేటి తెలస్తాదండీ" అనేసేవాడు. అన్నీ తెలిసీ... మాకు ఒళ్ళు మండేది.

నేను ఆరో తరగతిలో ఉండగా, నరసన్నపేట అవతల పల్లె నుంచి పెదనాన్న వచ్చాడు. నాన్నకి సొంత అన్న. తాత పోయాక నాన్నని పదో తరగతి దాకా చదివించింది ఆయనే.

పెదనాన్న వియ్యంకుడికీ, పక్క చేను ముసలామెకీ గట్టు తగాదా. వియ్యంకుడు గట్టుని ఆమె చేలోకి జరిపేశాడు. అది పాత గట్టేనని సాక్ష్యం చెప్పమని పెదనాన్నని పట్టుకున్నాడు. కాదంటే, ఆ ఇంటి కోడలు మా అక్క... పెదనాన్న కూతురు. కష్టమంతా దానికే. కేసేమో నాన్న కోర్టులోనే.

"నీ కోర్టే కదరా, నాకేటి బెదురు" అన్నాడు పెదనాన్న అన్నం తింటూ.

"కోర్టు ఇసయం ఇంట్లో వద్దన్నయ్యా" అని నాన్న మజ్జిగ వడ్డించమన్నాడు. అంతే. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఇవాళ్టి సాక్షి మా అన్నయ్యేనని జడ్జిగారితో చెప్పుకున్నాడట. "ప్రమాణం చేయించడమే కదా, కానివ్వండి" అన్నారట ఆయన.

ఒంటిపూట బడుల రోజులు. అమ్మా నేనూ నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళి, వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాం...

పెదనాన్న బోనెక్కాడు. ప్రమాణం గడగడా అప్పజెప్పేశాడు. పేరేంటని నాన్న అడిగాడు, చెప్పాడు. ఊరు అడిగాడు, చెప్పాడు.

"తండ్రి పేరు?"

పెదనాన్న నవ్వాడు. "అదేటిరా, మన నాన్న పేరు నీకు తెల్దా?"

హాలంతా నవ్వింది. జడ్జిగారు కూడా తలెత్తి చూశారు. నాన్న ఒక్కడే నవ్వలేదు. కాగితం మీదే చూపు పెట్టి, "రికార్డుకి మీరే చెప్పాలండి" అన్నాడు. అన్నయ్యా అని తప్ప పిలవని మనిషి, ఆయన్ని 'అండి' అన్నాడు...

పెదనాన్న నవ్వు ఆగిపోయింది. బోను కర్ర పట్టుకుని, "అప్పలస్వామి" అన్నాడు మెల్లగా.

జడ్జిగారికి వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నారు.

"అప్పలస్వామి బాబూ... పోయినాడు."

నాన్న రాసుకున్నాడు. ప్లీడరు లేచి, ఆ గట్టు ఎన్నేళ్ళ నుంచి ఉందని అడిగాడు. పెదనాన్న నాన్నకేసి చూశాడు. నాన్న తల ఎత్తితే ఒట్టు.

"మొన్న దసరాకి ఏసినారు బాబూ. నాను సూస్తండగానే ఏసినారు."

వియ్యంకుడు లేచి బయటికి పోయాడు. "పిల్ల బతుకు ఏటవుతాదో" అని అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అమ్మ భయపడినట్టే అయింది. అక్కని ఏడాది పాటు పుట్టింటికి పంపలేదు. పెద్దమ్మ నాన్నతో మాటలు మానేసింది. అక్క చంటిపిల్లతో మళ్ళీ గుమ్మం తొక్కేదాకా పెదనాన్న ఇంట్లో పండగ లేదు.

సాక్ష్యం అయిన సాయంత్రమే నాన్న అడిగాడు, "నామీద కోపమా అన్నయ్యా" అని.

"నీ పని నువ్వు సేసినావు. నాన్న పేరు సెప్పిన నోటితో అబద్దం ఎలాగాడతానురా" అన్నాడు పెదనాన్న. నాన్న లేచి బావి దగ్గరికి వెళ్ళి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. నాకు వాళ్ళిద్దరి మీదా ఎంత ప్రేమ వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను...

ఇప్పుడు ఆ పోస్టుకి డిగ్రీ కావాలి, కంప్యూటర్ రావాలి, పరీక్ష ఆన్‌లైన్లో. మంచిదే. ఈ మధ్య ఒక చిన్న కేసులో నేనే సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. అదీ ఇంట్లో కూర్చుని, వీడియోలో. అవతల క్లర్కు చిన్నపిల్ల. ముద్దుగా, మర్యాదగా ప్రమాణం చేయించింది. పేరు అడిగింది. తండ్రి పేరు అడిగింది.

నాన్న పేరు చెప్పాను. ఆయన పోయి నాలుగేళ్ళు... ఆ తర్వాత నోట మాట రాలేదు. నెట్ పోయిందనుకుంది పాపం. "మేడమ్, వినిపిస్తోందా?" అని రెండుసార్లు అడిగింది.

మీకూ ఉంటారు కదా అలాంటివాళ్ళు... ఎవరి పేరు చెప్పాక మీ నోట అబద్ధం రాదో, కింద రాయండి. పేరు మాత్రం పూర్తిగా రాయండి, రికార్డుకి.