పైనాపిల్ సంగతి చెప్పకుండానే

పైనాపిల్ ముక్కలు ముందే పెట్టాలా, ఆఖర్న పెట్టాలా? ఆ ఒక్క సంగతి చెప్పకుండానే పోయింది మా సిస్టరమ్మ. సూది వేసే ముందు "ఏ చెయ్యి గావాలె, నువ్వే జెప్పు" అని రోగిని అడిగే మనిషి, ఇంత పద్ధతి గల మనిషి, పనిని ఇట్లా సగంలో వదిలేసి పోవడం ఏమన్నా బాగుందా, మీరే చెప్పండి.

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే పక్కింటి గార్డు సాబ్ మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రైల్వేలో గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరైన మనిషి. పాలకు వెళ్లినా ఇస్త్రీ చొక్కా లేకుండా బయటికి రాడు. ఆ రోజు బనీను మీద వచ్చాడు. నేను బ్రష్ నోట్లో పెట్టుకుని ఉన్నాను.

"తమ్మీ, ఆమె లేస్తలేదు" అన్నాడు.

అంతే చెప్పాడు. ఆమె అంటే ఆయన భార్య, మా సిస్టరమ్మ. రైల్వే దవాఖానాలో నర్సుగా చేసింది. రిటైరయ్యాక మా నాచారం గల్లీలో అందరికీ బీపీ చూసింది, అందరి పిల్లలకూ సూదులు వేసింది, అందరినీ తిట్టింది. వాళ్లకు పిల్లలు లేరు. అందుకని గల్లీలో ఎవరి పిల్లలు దగ్గినా ముందు ఆమెకే వినపడేది. నిద్రలోనే పోయింది. నొప్పి తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు. తెలిసి ఉంటే ఊరుకునేది కాదు, లేచి మాత్ర వేసుకునేది.

కాలనీ వాళ్లు వేసే పుస్తకంలో ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నారు. రాస్తున్నాను గానీ కాలు ఒక్కచోట నిలవడం లేదు. ఎందుకంటే మా పెరట్లో ఇప్పుడు పొయ్యి మీద హామ్ ఉంది. సాయంత్రం వాళ్లింట్లో ఆమె జ్ఞాపకార్థం ప్రార్థన. ఆ లోపల అది అచ్చం ఆమె చేసినట్టే కావాలి.

హామ్ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. పంది తొడ మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి, పొగబెట్టి, ఉడికించి అమ్ముతారు. సికింద్రాబాదులో దొరుకుతుంది. సిస్టరమ్మ పుట్టి పెరిగింది మౌలాలి రైల్వే క్వార్టర్లలో. అక్కడి ఇళ్లల్లో క్రిస్మస్‌కు దాన్ని పండ్లతో, తీపితో కాల్చేవాళ్లట. మా ఊళ్లో కూడా పంది కూర తినేవాళ్లం. కాకపోతే తిని మూతి తుడుచుకుని, ఏమీ తిననట్టు పంచాయతీ అరుగు మీద కూర్చునేవాళ్లం. దాంట్లో తీపి వేస్తారని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మేం ఈ గల్లీకి వచ్చిన మొదటి క్రిస్మస్‌కు సిస్టరమ్మ ఒక స్టీలు గిన్నె నిండా పంపించింది. పలుచగా కోసిన గులాబీ రంగు ముక్కలు, వాటి మీద బంక బంకగా తీపి, మధ్యలో పైనాపిల్. మా ఆవిడ పంది మాంసం ముట్టదు. గిన్నెలోకి తొంగి చూసి, "పాపం, పెద్దామె, సరిగ్గ ఉడికినట్టు లేదు. ఎర్రగనే ఉన్నది. మీద పాకం గూడ ఒలికినట్టుంది" అంది. నాకూ అట్లాగే అనిపించింది.

ఇంకో చిక్కు ఉంది. మా దగ్గర ఎవరి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపరు. మా ఇంట్లో ఆ రోజు ఏమీ లేదు. నేను పెరట్లో కిరసనాయిలు స్టవ్ అంటించి, ఆ ముక్కలను మూడు నీళ్లల్లో కడిగి, తీపి మొత్తం వదిలించి, అల్లం వెల్లుల్లి, కారం దట్టించి వేపుడు చేశాను. సగం నేను తిని, మిగతా సగం ఆమె గిన్నెలోనే పెట్టి, ఆమె హామ్‌ను ఆమెకే తీసుకెళ్లి ఇచ్చాను.

సిస్టరమ్మ మూత తీసి చూసింది.

"ఇదేంది తమ్మీ?"

"మీరు పంపిందే అమ్మా. జర పచ్చిగుంటే వేపిన."

"మీద తీపి ఉండాలె గదా?"

"కడిగిన."

ఒక ముక్క నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. "పొద్దటి సంది కూసొని కట్టిన కట్టు నాయనా! రెండు నిమిషాల్ల ఇప్పి పారేసినవ్" అంది. లోపలి నుంచి గార్డు సాబ్ వచ్చి రుచి చూసి, గిన్నె తీసుకుని వెనక్కి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గిన్నె బయటికి రాలేదు. "సూడు, నా మొగుని గూడ ఖరాబ్ జేసినవ్. వచ్చే పండుగకు నా దగ్గర కూసొని నేర్సుకో" అంది సిస్టరమ్మ.

అట్లా నేను హామ్ శిష్యుణ్ణి అయ్యాను.

ఇక్కడ ఆపి ఒకసారి పెరట్లోకి వెళ్లొచ్చాను. నిప్పులు బాగానే ఉన్నాయి. మూత తియ్యలేదు. తియ్యాలని మాత్రం చాలా ఉంది.

ఆమె దగ్గర ఓవెన్ లేదు. పెద్ద డేగిసా అడుగున ఇసుక పోసి, ఇసుక మీద ఇనుప ముక్కాలి, దాని మీద హామ్ గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పరిచేది. కింద మంట, మీద నిప్పు. ఇసుక తేవడం నా పని. నాచారంలో ఇసుకకు కరువేముంది? గల్లీలో ఎవరో ఒకరు మేడ మీద మేడ వేస్తూనే ఉంటారు. "చాతనైతే ఉప్పల్ రోడ్డు మీద గూడ మేడ కడ్తరు వీళ్లు" అనేది ఆ కుప్పలు చూసి.

పని నిజంగానే సులువు. కొవ్వు మీద కత్తితో అడ్డంగా, నిలువుగా గీతలు గియ్యాలి. గీతలు కలిసిన చోటల్లా ఒక లవంగం గుచ్చాలి. బెల్లం తురుము, పైనాపిల్ రసం, కాస్త సంత్రా రసం, ఆవపిండి కలిపి పైన పుయ్యాలి. ఆవపిండి చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఆవకాయ చుట్టమే కదా అనుకున్నాను. కష్టమంతా పూసి మూత పెట్టిన తర్వాతే. నాకు నిమిషానికోసారి తీసి చూడాలనిపిస్తుంది. ఫ్యాక్టరీ స్టోర్‌లో పని చేసేవాణ్ణి, తాళం వేసి కూడా మళ్లీ లాగి చూసే జాతి.

"మూత మీదికెల్లి చెయ్యి తియ్యి" అనేది. "ఆపరేషన్ అయితున్నప్పుడు తలుపు తెరుస్తరా?"

"లోపల ఏమైతుందో తెల్వాలె గదమ్మా."

"ఏమైతది? ఉడుకుతది. మనిషి ఫికర్ జేస్తే మాంసం ఉడుకదు. మంట జేస్తే ఉడుకుతది."

ఈ మాట దవాఖానాలో రోగుల బంధువులకు కూడా ఇంకో రకంగా చెప్పి ఉంటుందని నాకు అనుమానం.

గార్డు సాబ్ ఆ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పని చెయ్యడు. వంకలు పెడతాడు. బెల్లం ఎక్కువైందంటాడు, లవంగం పంట్లో ఇరుక్కుందంటాడు, అన్నీ అని ఇంకో ముక్క పెట్టించుకుంటాడు. తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న రోజుల్లో ఒక క్రిస్మస్‌కు అంగళ్లన్నీ మూసేశారు. హామ్ ముందే తెచ్చిపెట్టింది గానీ పైనాపిల్ లేదు. మా ఎదురింటి గుంటూరు మేస్టారూ నేనూ రాష్ట్రం సంగతి మీద గేటు దగ్గరే మాటా మాటా అనుకుంటున్నాం. సిస్టరమ్మ బయటికి వచ్చి, "మీ రాష్ట్రం తర్వాత పంచుకోండ్రి. ముందు ఆ జామచెట్టు ఎక్కుండ్రి ఇద్దరు" అంది. ఎక్కాం. మేస్టారు కొమ్మ వంచితే నేను కోశాను. ఆ యేడు హామ్‌లో జామపండ్లు పెట్టింది. "పండు పండే. దానికి పార్టీ లేదు" అంది. మేస్టారు రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. పంట్లో జామ గింజలు పడ్డాయని గార్డు సాబ్ సంక్రాంతి దాకా గొణిగాడు.

ఆ గొణుగుడు ఇప్పుడు లేదు. మా గల్లీకి ఇప్పుడు ఉన్న భయం అదే.

ఆమె పోయినప్పటి నుంచి గార్డు సాబ్ తిండి మానేశాడు. మానేశానని అనడు. ఎవరు ఏది తీసుకెళ్లినా తలుపు దగ్గరే అందుకుంటాడు, "థ్యాంక్స్ అమ్మా" అంటాడు, తీసుకెళ్లి బల్ల మీద పెడతాడు. మేస్టారు ఇంటి నుంచి ఇడ్లీ, మా ఇంటి నుంచి పప్పూ అన్నం, చర్చి వాళ్ల కేకు. మర్నాడు పోయి చూస్తే అన్నీ పెట్టిన మూతలతో పెట్టినట్టే ఉంటాయి. చాయ్, బిస్కెట్ తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు. చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. ఉప్పు లేని పప్పు పెట్టి చూసింది మా ఆవిడ, కనీసం తిడతాడేమోనని. "బాగుందమ్మా" అన్నాడట, ముట్టుకోకుండానే. ఆ మాట చెప్పి మా ఆవిడ ఏడ్చింది.

మొన్న నేను వెళ్లి కూర్చున్నాను. ఊరికే ఏదో అడగాలి కాబట్టి, "సాబ్, ఏం తినబుద్ధయితుంది, చెప్పు" అన్నాను.

"ఆమె హామ్ చేస్తుండె" అన్నాడు.

చేస్తానని చెప్పి వచ్చేశాను. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, పైనాపిల్ ఎప్పుడు పెడుతుందో నాకు తెలియదని.

ఎట్లా తెలుస్తుంది? ప్రతి యేడూ సరిగ్గా అప్పుడే, "తమ్మీ, పోయి డబల్ రొట్టె పట్కరా. వేడిది. సల్లగుంటే మల్ల పంపిస్త" అని నన్ను బేకరీకి తరిమేది. పండుగ రద్దీలో నిలబడి నేను తిరిగొచ్చేసరికి డేగిసా దిగి ఉండేది, పైనాపిల్ చక్రాలు ఎర్రగా కూర్చుని ఉండేవి. రహస్యం దాచడానికే పంపిస్తోందని కొన్నాళ్లు అనుకున్నాను. రహస్యమేమీ లేదు, ఆమెకు వేడి రొట్టె ఇష్టం. అడిగితే చెప్పేది. వచ్చే పండుగకు అడుగుదాంలే అనుకుంటూ వచ్చాను. గార్డు సాబ్‌ను ఇప్పుడు అడగడానికి నోరు రాలేదు. ఆమె చేసిన పని గురించి ఆయనతో అనడమంటే పుండు మీద వేలు పెట్టినట్టే కదా.

నిన్న సికింద్రాబాదు వెళ్లి హామ్ తెచ్చాను. పొద్దున మా ఆవిడ, ఆ మాంసం వాసనే గిట్టని మనిషి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తనే ఆవాలు నూరి ఇచ్చింది. "తీస్కపో. నా వంటింట్లకు మాత్రం తేకు" అంది. పైనాపిల్ ముందే పెట్టాను. ఎక్కువసేపు ఉంటే రసం లోపలికి దిగుతుంది కదా అని నా లెక్క.

మళ్లీ వెళ్లొచ్చాను. ఈసారి ఆలస్యమైంది. ఎందుకో చెబుతాను.

నిప్పులు ఎగదోస్తుంటే గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత గేటు. తల ఎత్తి చూస్తే గార్డు సాబ్. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ గుండీలు ఒకటి పైకి, ఒకటి కిందికి.

"ఏంది, మాడు వాసనొస్తుంది?" అన్నాడు.

మూత తీశాను. హామ్ బాగానే ఉంది. పైనాపిల్ ముక్కలు మాత్రం ముడుచుకుపోయి, అంచులు నల్లబడి, ఎండిన చెప్పు ముక్కల్లా ఉన్నాయి. ఆయన వంగాడు. ఆవిరికి కళ్లద్దాలు తెల్లబడ్డాయి.

"ముందే పెట్టినవా?"

"అవ్ సాబ్."

"ఎవడన్న ముందే పెడ్తడా? నిన్ను రొట్టెకు పంపినంకనే పెడ్తుండె. బెల్లం మెరిసినంక. ఇన్నేండ్లు నేను పక్కనే కూసున్న గదా. నన్నెందుకు అడుగలే?"

ఆయన వేళ్లతోనే ఒక నల్లటి ముక్క తీసి, ఊది, నోట్లో వేసుకున్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది.

"తోలు లెక్కుంది" అన్నాడు. "పండు మిగిలిందా?"

"సగం ఉంది."

"పో, కోసుకరా. పలుచగ కొయ్యకు, నీకు చాతగాదు. జర మందంగ కొయ్యి. అప్పటిదాక నిప్పు నేను సూస్త."

పండు తేవడానికి లోపలికి వచ్చి, మరిచిపోకముందే ఈ నాలుగు ముక్కలూ రాసేస్తున్నాను. కిటికీలోంచి కనిపిస్తున్నాడు. మా పెరటి రాయి మీద డేగిసా పక్కనే కూర్చున్నాడు. పట్టకారు ఒక చేతిలో ఉంది. ఇంకో చేత్తో మాడిన ముక్క ఇంకొకటి తీసుకున్నాడు. తోలు లెక్కుందన్నది దాన్నే. కళ్లద్దాల మీద ఆవిరి అట్లాగే ఉంది, తుడుచుకోవడం లేదు, దవడ మాత్రం కదులుతోంది, అప్పుడప్పుడు ఆగి, మళ్లీ

"తమ్మీ! పండు కోస్తున్నవా, తోటకు పోయినవా?"

వస్తున్న సాబ్, ఒక్క నిమిషం, ఇదిగో ఆయన ఇప్పుడు మూడో ముక్క