బస్సు కదిలితే వైర్లక్కే పలుకుతుంది

బస్సుల షెడ్డులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే ఆవిడ అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. అందరికీ వైర్లక్క. ఆవిడ మొగుడు అక్కడే డ్రైవరు. చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది.

ఒకనాడు ఆయన ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతూ, ఫోనులో మాట్లాడుతూ, రోడ్డు దాటుతున్న ఒక ముసలాయన్ని వెంట్రుకవాసిలో తప్పించాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు గానీ ముద్ద దిగలేదు. అది విన్న వైర్లక్కకి కునుకు పట్టలేదు.

మర్నాడే ఆయన బస్సులో సీటు పక్కన చిన్న పెట్టె బిగించింది. అందులో ఫోను బరువు పడితేనే ఇంజను స్టార్టవుతుంది. "వారం చూద్దాం. పనికిరాకపోతే పీకి పారెయ్యండి" అన్నాడు మేనేజరు.

రెండు రోజులకే పెట్టె తెరిచి చూస్తే లోపల ఫోను లేదు.

"ఇదేంటి బావా?"

"సబ్బు."

"కనిపిస్తూనే ఉంది. పెట్టెకి స్నానం చేయిస్తున్నావా?"

ఆయన తల గోక్కున్నాడు. "నన్నేం చెయ్యమంటావే? స్టాపు దాటితే చాలు, 'ఎక్కడున్నావయ్యా' అని మేనేజరుగారి ఫోను. ఎత్తకపోతే మెమో. ఎత్తితే నువ్వు. మధ్యలో నేను నలుగుతున్నా."

వైర్లక్క ఆ సబ్బు తీసి తన పనిముట్ల సంచిలో వేసుకుంది. దొంగ పెరటి గుమ్మంలో ఉంటే తను వీధి తలుపుకి తాళం వేసింది! మేనేజరు అడిగేదానికి జవాబు దొరికితే, ఇక ఫోను ఎత్తే పనేముంది?

ఫోనులోనే పాఠాలు చూసి నేర్చుకుంది. పెట్టె తీసేసి, స్టీరింగు కింద అగ్గిపెట్టెంత యంత్రం పెట్టింది. చక్రం తిరుగుతున్నంతసేపూ డ్రైవరు ఫోను మోగదు. చేసినవాళ్లకి మాత్రం బస్సు ఎక్కడుందో వినిపిస్తుంది. స్టాపుల పేర్లన్నీ తన గొంతుతోనే రికార్డు చేసింది.

గడువు ఆఖరి రోజున మేనేజరు షెడ్డు మధ్యలో నిలబడి, అందరికీ వినిపించేలా వైర్లక్క మొగుడికి ఫోను చేశాడు.

"ఎక్కడున్నావయ్యా?"

"బస్సు నడుస్తోంది. మార్కెట్టు స్టాపు దాటింది. ఆగాక డ్రైవరుగారే మాట్లాడతారు."

"ముందు డ్రైవరుకివ్వమ్మా ఫోను!"

"బస్సు నడుస్తోంది. మార్కెట్టు స్టాపు దాటింది..."

"నాతోనే వాదిస్తావా?" అని గద్దించాక గానీ, వైర్లక్క తన ఎదురుగానే స్క్రూడ్రైవరు పట్టుకుని నోరు మూసుకుని నిలబడి ఉందని ఆయన చూసుకోలేదు.

షెడ్డంతా గొల్లున నవ్వింది.

"బస్సెక్కడుందో తెలిసింది కదా సార్?" అంది వైర్లక్క మెల్లిగా.

ఆయన ఫోను వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశాడు. "తెలిసింది. పీకొద్దు. అన్ని బస్సులకీ పెట్టండి."

కాసేపటికి మొగుడు బస్సు తెచ్చి ఆపాడు. సంగతి విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఇంట్లో నీ మాటే, ఇప్పుడు రోడ్డు మీదా నీ మాటే! ఇక నాకు దిక్కెవరే?"

"స్టీరింగు. రెండు చేతులతో పట్టుకో."

మర్నాడు వర్క్‌షాపు ముందు బస్సులు బారులు తీరాయి. "నాది ముందు, అక్కా!" "ఏం, నీ బండికి కొమ్ములున్నాయా?" అని డ్రైవర్లు తోసుకుంటున్నారు. పొద్దువాలేసరికి ఆఖరి బస్సు కూడా బయటికెళ్లింది. వైర్లక్క కుళాయి దగ్గరికి వెళ్లి, మోచేతుల దాకా అంటిన గ్రీజు తీరిగ్గా కడుక్కుంది. ఆ సబ్బుతోనే.