కుడికాలికి పసుపు

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక ఆగస్టు నెలలో, మిషిగన్‌లోని మా మ్యూజియంలో నాకు ఒక సొరుగు అప్పగించారు. అప్పుడు నేను క్షీరద విభాగానికి కలెక్షన్ మేనేజర్‌ని. సొరుగులో పదకొండు ఆంటెకైనస్‌లు ఉన్నాయి. ఇవి ఆస్ట్రేలియాకు చెందిన చిన్న సంచిజీవులు, కంగారూల దూరపు చుట్టాలు. చూడ్డానికి చుంచెలుకలే గానీ పురుగుల పాలిట పులులు. దూది కూరిన చర్మం ఒకచోట, పుర్రె వేరే సీసాలో ఉంటాయి. రెండింటికీ ఒకటే నంబరు. కొత్త బార్‌కోడ్ చీటీలు కట్టి, ఏది ఏ జాతో తేల్చడం నా పని.

అది అనుకున్నంత తేలిక కాదు. గోధుమ ఆంటెకైనస్‌కీ, పసుపు పాదాల ఆంటెకైనస్‌కీ అక్కచెల్లెళ్ల పోలిక. రెండోదానికి పాదాలు పసుపు, కంటి చుట్టూ లేత వలయం. పాత చర్మాల రంగును నమ్మలేం కనుక, పుర్రెను కాలిపర్‌తో కొలిచాకే జాతి పేరు రాయాలన్నది నియమం. ఆ నియమాన్ని కొత్తవాళ్లకు నేర్పేదాన్ని నేనే.

నా జవాబు కోసం అనన్య కాచుకుని ఉంది. మిషిగన్‌లోనే ట్రాయ్ అనే ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, మా దగ్గరే పీహెచ్‌డీ చేస్తోంది. సోమవారం తన మొదటి కాన్ఫరెన్స్‌లో ఈ జాతుల మ్యాపుతో పోస్టర్ పెట్టాలి.

ఆ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పొద్దున్నే ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్నేహితురాలి ఇంటికి వెళ్తే, ముత్తైదువుల కాళ్లకు పసుపు రాసే పని నాకు పడింది. అక్కణ్ణుంచి నేరుగా మ్యూజియానికి వచ్చి, చేతులు కడుక్కుని, తడి ఆరకుండానే పనిలో కూర్చున్నాను. చీటీ కుడి వెనక కాలికి కట్టాలి. చేతొడుగులతో దారం ముడిపడదు; తీసేసి కట్టాను.

మధ్యాహ్నం చూద్దును కదా, మొదటి నమూనా పాదం పసుపు రంగులో మెరుస్తోంది! దాన్ని పట్టిన చోట ఆ జాతి ఉన్నట్టు మా రికార్డుల్లో ఎక్కడా లేదు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పుర్రె మాటే మరిచి, పసుపు పాదాల ఆంటెకైనస్ అని చీటీ రాసి, సంతకం పెట్టి, కట్టేసి, అనన్యకు ఫోన్ చేశాను.

"ఓ మై గాడ్ ఆంటీ! మ్యాప్ చేంజ్ చేస్తున్నాను. ఫైవ్‌కి ప్రింట్‌కి పంపాలి" అంది.

సొరుగు మూసే ముందు అలవాటు కొద్దీ పుర్రె తీశాను. మూడుసార్లు కొలిచినా గోధుమ జాతి కొలతలే వచ్చాయి. కంటి చుట్టూ వలయం లేదు. నమూనాను తిప్పి చూస్తే ఎడమ పాదం మామూలు గోధుమ రంగు. అప్పుడు నా గోళ్ల వంక చూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నాలుగున్నరకు మళ్లీ ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఆంటీ, బట్ అది మేల్ కదా! పేరంటానికి ఎవరు ఇన్వైట్ చేశారు?" అని పకపకా నవ్వింది. పోస్టర్ ఇంకా ప్రింట్‌కి వెళ్లలేదు. పాత మ్యాపే వెళ్లింది.

మా వృత్తిలో ఒకసారి కట్టిన చీటీ తప్పైనా తీసేయకూడదు. పక్కన మరొకటి కట్టాలి. కట్టాను: "గోధుమ ఆంటెకైనస్, మగది. కుడి వెనక పాదం మీది రంగు పూజ పసుపు. మూలం: కింద సంతకం చేసినవారి చేయి." రెండు చీటీలూ నా సంతకంతో ఇప్పటికీ ఆ కాలికే ఉన్నాయి. ఒక కాలు చూసి జాతి చెప్పకూడదు, నాలుగూ చూడాలి. అంతకంటే ముందు మన చేతులు చూసుకోవాలి.