మోకాలి పైన కనిపించిన నీడ

మెదక్‌లో ఎక్స్‌రే తీసే పనిలో ఇరవై ఏళ్లు దాటాయి నాకు. ఆ రోజు కుల్చారం నుంచి ఒక తల్లి తన పద్నాలుగేళ్ల కూతురిని తీసుకొచ్చింది. ఖోఖో ఆడుతూ పడిందట. రెండు నెలలుగా మోకాలు నొప్పి. కట్టు కట్టించారు, నూనె పెట్టి తోమించారు, తగ్గలేదు.

"ఆడితేనే నొస్తదా బిడ్డా, కూసున్నా నొస్తదా?" కాలు సర్దుకోమని చెబుతూ అడిగాను.

"కూసున్నా నొస్తది సార్. పండుకుంటె ఇంకా ఎక్కువైతది. నిద్ర వడ్తలేదు."

దెబ్బ నొప్పి అయితే ఇన్నాళ్లకు తగ్గుముఖం పట్టాలి. డాక్టరమ్మ రాసిన చీటీలో మోకాలు అని మాత్రమే ఉంది. తల్లి ఆ పిల్ల ప్యాంటు పైకి మడిస్తే, మోకాలికి పైన ఒక పక్క గట్టిగా వాపు. డాక్టరమ్మను అడిగి తొడ ఎముక కూడా వచ్చేలా తీశాను.

బొమ్మ తెర మీదికి వచ్చింది. మోకాలి పైన ఎముక అంచు చెదలు తిన్న కర్రలా ఉంది. ఎక్కడా విరగలేదు.

"ఇరిగిందా సార్?" అంది తల్లి.

"ఇరగలే అమ్మా. డాక్టరమ్మ చూసి చెప్తరు. జర కూసోండ్రి."

రోగానికి పేరు పెట్టడం నా పని కాదు. కానీ ఆ ఫిల్మును వరసలో పెట్టకుండా నేనే పట్టుకెళ్లాను. డాక్టరమ్మ చూసి, తల్లిని దగ్గర కూర్చోబెట్టుకున్నారు.

"ఎముకల గడ్డ ఉన్నట్టుందమ్మా. క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు. ముక్క తీసి చూస్తెనే తెలుస్తది. ఆ ముక్క గూడ ఆపరేషన్ చేసే పెద్ద దవాఖానలనే తియ్యాలె. ఇగ తోమియ్యకుండ్రి. రేపే హైదరాబాద్ పోండ్రి."

"నేనే ఆడుకోపొమ్మన్న. పడ్డందుకే అయిందా?"

"కాదమ్మా. పడ్డందుకు రాదు. మీ తప్పేం లేదు."

తల్లి కళ్లు తుడుచుకుని ఫిల్ము కవరు తీసుకుంది. మర్నాడే వెళ్లారు. స్కానింగులు చేశారు, ముక్క తీసి చూశారు. క్యాన్సరే. ఊపిరితిత్తులకు ఇంకా పాకలేదు. కొన్ని నెలలు మందు ఎక్కించి, చెడిన ఎముక తీసి లోహపు ఎముక వేశారు. కాలు నిలిచింది.

తర్వాత ఒకసారి రామాయంపేట నుంచి నడుము నొప్పితో ఒక పెద్దాయన వచ్చాడు. పడుకున్నా తగ్గడం లేదన్నాడు. పెద్దవాళ్లలో ఎముకలోనే పుట్టే క్యాన్సర్ కన్నా, వేరేచోట పుట్టి ఎముకకు పాకేదే ఎక్కువ. అందుకే పడుకున్నా తగ్గడం లేదన్న మాట డాక్టరమ్మ చెవిన వేశాను. పరీక్షల్లో ఆయనది మామూలు అరుగుదలే అని తేలింది. చెప్పినందుకు నేనేమీ చిన్నబోలేదు.

మొన్న బస్టాండులో ఆ పిల్ల ఎదురైంది. కొంచెం కుంటుతోంది, మందుకు రాలిన జుట్టు మళ్లీ ఒత్తుగా పెరిగింది.

"ఆట బందైంది సార్," అంది. "ఇప్పుడు మా స్కూల్ల ఖోఖోకు విజిల్ నేనే ఊదుత."