పెరట్లో తంగేడు

తంగేడును ఎవరైనా పెంచుతారా అని జనగామలో మా గల్లీ అంతా నన్ను చూసి నవ్వింది. నవ్వరా మరి? గుట్టల మీద, చెలకల గట్ల మీద తనంత తానే మొలిచే చెట్టు అది. దాని గింజలు తెచ్చి పెరట్లో మడి కట్టింది నేనొక్కదాన్నే.

అదేమీ సరదాకు చేసిన పని కాదు. మా అత్తమ్మ తుంటి విరిగిన ఏడు మా ఇంట్లో బతుకమ్మ ఆగిపోయింది. అంతకుముందు ఏటేటా ఆమే ఊరవతలి చెలకల్లోకి పోయి ఒడినిండా తంగేడు తెంపుకొచ్చేది. నడక పోయాక నేను బజారులో కట్టలు కొనుక్కొస్తే మొహం తిప్పుకుంది.

"నా చేత్తోటి తెంపిన పువ్వే నేను పేరుస్త. గిది నేను ముట్ట. మీరు పేర్చుకోండ్రి" అన్నది.

ఆమె ముట్టని బతుకమ్మను నేనెట్లా పేరుస్తాను? పండుగ ఆఖరి రోజు, సద్దుల నాడు ఊరంతా పాటలు, మా వాకిలి మాత్రం బోసిగా ఉంది. నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. చెట్టు దగ్గరికి ఈమె పోలేకపోతే చెట్టునే ఈమె మంచం దగ్గరికి తెస్తానని మొండిపట్టు పట్టాను.

చిల్పూరు గుట్టకు దర్శనానికి పోయినప్పుడు దారి పక్కన ఎండిన తంగేడు కాయలు కొంగున మూటగట్టుకొచ్చాను. వానలు పడగానే చిక్కుడు గింజలు పెట్టినట్టే పెట్టాను. పెంట ఎరువు వేశాను, రెండు పూటలా నీళ్లు పోశాను. నెల దాటినా ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే గింజలు పెట్టినవి పెట్టినట్టే గట్టిగా ఉన్నాయి. ఇంటింటికీ పెరుగు పోసే తండా అక్క అది చూసి నెత్తి కొట్టుకుంది.

"గింజ తోలు మందం ఉంటది అక్కా. జర ఇసుకేసి బండకు రుద్దు, ఉడుకు నీళ్లల్ల నానవెట్టు. అప్పుడు సూడు."

చేతులు మండేదాకా రుద్దాను. పది రోజులకు ఆరు మొలకలు లేచాయి. చిన్నపిల్లలా ఎగిరి గంతేశాను. గోడ మీదుగా చూస్తున్న పక్కింటామె, "అందరూ గులాబీలు పెడితే నువ్వు పిచ్చిచెట్లు పెట్టినవా?" అని నవ్వింది. 

ఆ ఏడు పూయవని నాకూ తెలుసు. మరుసటి ఏటికి మొక్కలు నా భుజం దాకా లేచాయి. ఆకులు నిగనిగలాడుతున్నాయి, మొగ్గ మాత్రం లేదు. పండుగ ఇంకా రెండు నెలలే ఉంది. నేను ఇంకో తట్ట ఎరువు ఎత్తాను. ఏడాదిగా మంచం మీంచి మాట్లాడకుండా చూస్తున్న అత్తమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఓ పిల్లా, కొత్తల్లునికి పెట్టినట్టు పెడుతున్నవు దానికి. తిని కూసుంటది గని పూస్తదా? చెలకల ఎండకెండే చెట్టు గది. ఎరువు బంజెయ్, నీళ్లు బంజెయ్."

ఇన్ని రోజులూ చెప్పకుండా ఎందుకు కూర్చుందో అని ఒళ్లు మండింది. అయినా చెప్పినట్టే చేశాను. ఆ నెల వానలు కూడా మొహం చాటేశాయి. ఆకులు వాడుతుంటే బిందె పట్టుకుని పోయి, మళ్లీ వెనక్కి తిరిగి వచ్చిన రోజులున్నాయి.

అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. మా ఆయన ఆఫీసు సమ్మెలో ఉంది, చౌరస్తాలో రోజూ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. బస్సులు, ఆటోలు బందయ్యేసరికి మానుకోట దిక్కు నుంచి, భూపాలపల్లి అడవి దిక్కు నుంచి వచ్చే పువ్వు కట్టలు రాలేదు. బజారులో తంగేడు లేదని గల్లీ అంతా పరేషాన్. మా పెరట్లో మాత్రం ఆరు చెట్లూ కొమ్మకొమ్మకూ పచ్చగా విరగబూశాయి!

అత్తమ్మ కర్ర పట్టుకుని, నా భుజం మీద చెయ్యేసి, పది అడుగులు నడిచింది. మొదటి పువ్వు తెంపి కళ్లకద్దుకుంది.  తెంపుతూనే ఉంది, ఒడి నిండేదాకా. రెండేళ్ల తర్వాత ఆమె పేర్చిన బతుకమ్మ నా నడుము దాకా లేచింది.

గేటు దగ్గర పళ్లేలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడ్డారు. అందరికంటే ముందు పక్కింటామె. నాలుగు మాటలు అంటించాలని నా నాలుక దురద పెట్టింది. అత్తమ్మ కర్రతో కొమ్మలు చూపిస్తూ, "తెంపుకోండ్రి బిడ్డా, అందరూ తెంపుకోండ్రి" అన్నది. నేను గేటు బార్లా తీశాను.

ఆ సాయంత్రం గల్లీ బతుకమ్మలన్నీ చౌరస్తాకు పోయాయి. వంట పొయ్యిలు పక్కకు జరిపి రోడ్డు మీదే ఆడాం. జై తెలంగాణ అన్నప్పుడల్లా చప్పట్లు గట్టిగా మోగాయి. నడుమ కుర్చీలో అత్తమ్మ. ఇంత పువ్వు ఎక్కడ దొరికిందని అవతలి గల్లీ ఆమె అడిగింది. పెళ్లయి ఇరవై ఏళ్లలో నా వంటను గానీ, నా పనిని గానీ ఒక్కనాడూ బాగుందని అనని మనిషి, చౌరస్తా అంతా వినేటట్టు చెప్పింది.

"ఎక్కడ దొరుకుడేంది? మా కోడలు పెంచింది!"