రాతి మీద తిరగేసిన అక్షరాలు

చాచా పోయిన కబురు నాకెవరూ నోటితో చెప్పలేదు. మొన్న బుధవారం పొద్దున ప్రెస్సులో నా ముందుకు వచ్చిన రాతి మీద, వారపత్రిక చివరి పేజీలో, ఒక మూలన రెండు పంక్తుల్లో ఉంది. లిథో రాయి కనుక అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. అలాంటి అక్షరాలు చదవడం నాకు నేర్పిందే ఆయన. పేరులో ఒక చుక్క సగం చెరిగి ఉంటే, చెయ్యి తనంతట తానే కుంచె అందుకుని సరిచేసింది. నేను సరిచేసింది ఎవరి పేరో ఆ తరువాత తలకెక్కింది. అప్పటికే ఆయనను మట్టిలో పెట్టి మూడు రోజులైంది.

ఆయన ఎవరో చదివేవాళ్ళకు తెలిసే దారి లేదు కనుక చెబుతాను. ఛత్తాబజారులోని ఒక ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు సంగ్‌సాజ్‌గా పనిచేసిన మనిషి. మా దగ్గర ముందుగా కాతిబు పసుపు కాగితం మీద జిడ్డు సిరాతో అందంగా ఉర్దూ రాస్తాడు. ఆ కాగితాన్ని రాతి మీద అదిమితే రాత తిరగబడి రాతికి అంటుకుంటుంది. అంటుకోవడంలో విరిగిన అక్షరాన్ని, ఎగిరిపోయిన చుక్కను సన్న కుంచెతో రాతి మీదే తిరగేసి రాసి నిలబెట్టేవాడు సంగ్‌సాజ్. అచ్చయిన కాగితం మీద కాతిబు పేరుంటుంది, ప్రెస్సు పేరుంటుంది, సంగ్‌సాజ్ పేరు మాత్రం ఎక్కడా ఉండదు. నేనూ ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు. నాకు ఆయన ఎప్పుడూ చాచాయే.

మాది పాల వ్యాపారం. చాంద్రాయణగుట్ట దగ్గర మా నాయనకు నాలుగు బర్రెలుండేవి. కాలేజీకి పోయే ముందు లాడ్ బజార్ వెనక గల్లీల్లో పాలు పోయడం నా వంతు. గడప గడపకూ 'దూద్' అని కేక వెయ్యాలి. చదువులో ముందుండేవాణ్ణి గాని, ఆ ఒక్క మాట నా గొంతు దాటి వచ్చేది కాదు. పాత్ర పట్టుకుని తలుపు ముందు దొంగలా నిలబడేవాణ్ణి. ఎవరైనా చూసి తలుపు తీస్తే పాలు, లేకుంటే లేదు. ఒక్క చాచా ఇంటి ముందు మాత్రం నాకు ఆ బాధ లేదు. నేను పోయే వేళకు తలుపు తెరిచి, గిన్నె చేతిలో పట్టుకుని ఆయనే నిలబడి ఉండేవాడు. వానొచ్చినా, ఒంట్లో బాగా లేకపోయినా అంతే. ఒక్కరోజు కూడా నన్ను పిలవనియ్యలేదు.

ఇంటర్మీడియట్ రెండో ఏడు వచ్చేసరికి మా నాయన తేల్చి చెప్పాడు. "ఫీజు నువ్వే తెచ్చుకోవాలె. లేకుంటే కాలేజీ బంద్, బర్రెల ఎంట తిరుగు." పని కోసం తిరిగాను. ఒక జాగీర్దారు ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పడానికి కుదిరితే, వారం రోజులు వాళ్ళు మాట్లాడారు, నేను విన్నాను. లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణంలో పెట్టుకున్నారు. అక్కడ దారిన పోయే ఆడవాళ్ళను పిలిచి కూర్చోబెట్టాలి. మూడో రోజు దుకాణదారు నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు మంచోనివే గని, నిన్ను చూసి వచ్చేటోళ్లు గూడ వాపసు పోతున్నరు బిడ్డా" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

మరునాడు పాలు పోస్తుంటే చాచా నా ముఖం చూశాడు.

"ఏందిరా బేటా, గిట్లున్నవ్?"

"నౌకరీ పోయింది చాచా."

"ఎందుకు?"

"మాట్లాడొస్తలేదు."

ఆయన చాలాసేపు నవ్వాడు. వెక్కిరింతగా కాదు, ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్న వస్తువు దొరికినట్టు. "రేపు నా ఎంట రా. మాట్లాడితే చెడిపోయే పనొకటి ఉన్నది" అన్నాడు.

నిజంగానే అది అలాంటి పని. సిద్ధం చేసిన రాతికి వేలు తగిలితే ఆ జిడ్డు అచ్చులో మరకై వస్తుంది. దాని మీద వంగి మాట్లాడితే తుంపర పడి, పడ్డచోట సిరా పట్టదు. చాచా మూతికి రుమాలు కట్టుకుని, ఊపిరి బిగబట్టి గీత గీసేవాడు. గీత అయ్యాక మెల్లగా ఊపిరి వదిలేవాడు. కుంచె మొనను ముందు బొటనవేలి గోరు మీద పరీక్షించుకునేవాడు. "ఈ రాయికి మాటలు పడవు బేటా. నీలెక్కనే" అనేవాడు. ఇంట్లో, కాలేజీలో, బజారులో అందరికీ లోటుగా కనిపించిన నా నోరు ఆ గదిలో ఒక పనితనమైంది. అప్పటిదాకా నేనూ ఒక పనికొస్తానని నాకు తెలియదు. ఇది చెప్పడానికి సిగ్గుపడను.

సాయంత్రం ఇద్దరం లాడ్ బజార్ మీదుగా నడిచి వచ్చేవాళ్ళం. దుకాణాల అద్దాల్లో తిరగబడి కనిపించే బోర్డులు ఆయన గడగడ చదివేవాడు. సీదా బోర్డు వస్తే కావాలని తడుముకునేవాడు. "గిది జర కష్టం" అనేవాడు. సాసరులో పోసుకుని చాయ్ తాగుతూ నా కాలేజీ పాఠం చెప్పమనేవాడు. ఆయనకొక్కడికే నేను పాఠాలు చెప్పగలిగాను. ఫీజు కట్టాను, పరీక్ష పాసయ్యాను, బి.ఏ.లో చేరాను.

ఇక రాయకుండా దాటిపోవాలని ఉన్నది రాయాలి.

ఒక పెద్దింటి పెళ్ళి రుక్కాలు, అంటే శుభలేఖలు, అచ్చుకు వచ్చాయి. చాచా సాయంత్రం అసర్ నమాజుకు పోతూ, "పెండ్లికొడుకు పేరు విరిగింది, నువ్వు నిలబెట్టు" అని నాకు అప్పగించాడు. పెద్ద పని నాకొక్కడికి వదలడం అదే మొదలు. కంగారులో తిరగేసి రాయవలసిన పేరును సీదాగా రాశాను. కొత్తగా రాయి పట్టినవాళ్ళు చేసే తప్పే అది. కళ్ళకు పేరు చక్కగా కనిపించేసరికి సరిగ్గానే ఉందనుకుంటారు. ప్రెస్సువాళ్ళు చూసుకోకుండా రుక్కాలన్నీ అచ్చు లాగేశారు. ప్రతి రుక్కా మీదా పెళ్ళికొడుకు తిరగబడ్డాడు.

మరునాడు ప్రెస్సు మాలిక్ ఒక రుక్కా పట్టుకుని మా గదిలోకి వచ్చాడు. "ఇది ఎవరి చెయ్యి?"

నేను లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. పాల పాత్ర పట్టుకుని తలుపు ముందు నిలబడ్డప్పుడు ఏమయ్యేదో అదే అయింది. మాట రాలేదు.

చాచా మూతికున్న రుమాలు విప్పాడు. "నాదే మాలిక్. కండ్లు మసకైనయ్."

ముప్ఫై ఏళ్ళలో ఆయన చేతిలో అలాంటి తప్పు జరగలేదు. అందుకే మాలిక్ ఆ మాట నమ్మాడు. నెల తిరగకముందే కుంచె, పీట నాకిచ్చాడు. చాచాను వెనక వసారాలో రాళ్ళు నూరే పనికి మార్చాడు. అచ్చు అయిపోయిన రాతిని ఇసుక, నీళ్ళు పోసి మరో రాతితో రుద్ది పాత రాత చెరిపే పని అది. నేను నిలబెట్టిన అక్షరాలను ఆయన చెరిపేవాడు. ఆరు నెలలకు నడుము పట్టుకుపోయి ఇంటి దగ్గర కూర్చున్నాడు.

ఒకసారి ధైర్యం చేసి, "చాచా, ఆ రుక్కా..." అన్నాను. "నూరిన రాయి మీద పాత అక్షరం ఎతకొద్దు బేటా" అని చాయ్ సాసరు నా వైపు జరిపాడు. ఇంకోసారి బజారులో జట్కా వస్తుంటే నా మోచెయ్యి పట్టుకుని, "జర చూసి నడిపియ్యి, నాకు ఆనతలేదు" అన్నాడు. ఆ మాటతో నా గుండె ఎంత తేలికైందో చెబితే నన్ను అసహ్యించుకుంటారు. నిజంగానే కళ్ళు పోతున్నాయన్నమాట, అంటే ఆయన అబద్ధం ఆడలేదు, నేను ఆయన పీట లాక్కోలేదు అనుకున్నాను. ఆ నమ్మకాన్ని కప్పుకుని ఇన్నేళ్ళు హాయిగా పడుకున్నాను. ఆయన ఇంటికి పోవడం వారానికోసారి నుంచి నెలకోసారికి, తరువాత పండుగకోసారికి తగ్గింది.

బుధవారం రాయి పక్కన పెట్టి ఆ ఇంటికి పోయాను. తలుపు వేసి ఉంది. అలవాటు చొప్పున ఊరికే నిలబడ్డాను, తెరుచుకుంటుందని. ఎంతసేపు నిలబడ్డానో. నేను పిలవకుండా ఆ తలుపు తెరుచుకోకపోవడం నాకదే మొదటిసారి. ఆఖరికి, "చాచీ" అని పిలిచాను.

పక్కింటి పిల్ల తలుపు తీసింది. చాచీ ఇద్దత్‌లో ఉంది, మగడు పోయిన ఆ నెలల్లో పరాయి మగవాళ్ళకు కనబడకూడదు కనుక గోనెపట్టా పరదా అవతల కూర్చుని మాట్లాడింది. కడసారి చూపుకు రాలేదని ఒక్క మాట అనలేదు. తిన్నావా అని అడిగింది. కాసేపటికి పరదా పక్కనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. వేళ్ళ మధ్య సూది, దారం.

"జర దారం ఎక్కియ్యి బేటా. నాకు ఆనది. పోయిన ఆదివారం దాక ఆయననే ఎక్కిచ్చేటోడు. ఒక్క పారికే ఎక్కిచ్చేటోడు. ప్రెస్సోళ్లు కండ్లు పోయినయని ఎందుకన్నరో ఏమో."

సూది తీసుకున్నాను. దారం మొన తడిపాను. రాతి మీద వెంట్రుకంత గీత గీసే చెయ్యి నాది. ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు. సూది బెజ్జం నీళ్ళలో కరిగిపోయినట్టు కనిపించకుండా పోయింది.

"నీ కండ్లు గూడ మసకైనయా బేటా?" అంది చాచీ.

"చాచా కండ్లకు ఏం కాలే చాచీ. ఆ రుక్కా ఖరాబు చేసింది నేను. నేను మాట్లాడలే."

గల్లీలోకి వినబడేంత గట్టిగానే వచ్చింది మాట. తరువాత మాలిక్‌కు కూడా చెప్పాను, ఇది అచ్చయితే మిగతావాళ్ళూ చదువుకుంటారు. ఆ రోజు మాత్రం, పరదా పక్కన గాజులు తీసేసిన ఆ చెయ్యి సూది కోసం అలాగే చాపి ఉంది.